గోడవతలి మాట

స్టూడియోలో ఆయన్ని అందరూ చెవి గారనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంది, అక్కడి నుంచి అది ఎప్పుడూ బయటికి రాలేదు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో వెటకారం పాలెంతో ఆయన ఏనాడూ తేల్చుకోలేదు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతూ, ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అనే గొంతూ, బస్సులో రాబోయే స్టాపు చెప్పే గొంతూ అన్నీ ఆయన చేతుల్లో స్నానం చేసి లోకంలోకి వెళ్ళినవే.

ఆ సోమవారం ఆసుపత్రి పని. వరండాలో కూర్చున్న రోగుల్ని వంతు ప్రకారం లోపలికి పిలిచే మాటలు. అద్దం అవతలి గదిలో ఎనౌన్సర్ అమ్మాయి మైకు ముందు కూర్చుంది. చదవడం మొదలుపెట్టే ముందు ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. అర నిమిషం పాటు ఎవరూ కదలకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు. ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి పెట్టుకుంటారు. తర్వాత మాటల మధ్య ఎక్కడ కత్తెర వేస్తే అక్కడ ఆ నిశ్శబ్దంతో మాసిక వేస్తారు. చెవి గారికి రోజు మొత్తంలో ఇష్టమైన అర నిమిషం అదే.

"ఇరవై మూడో నంబరు వారు నాలుగో గదికి రండి," చదివింది అమ్మాయి.

"అమ్మా, 'రండి' దగ్గర దరువు వెయ్యకు. దాని మీద నుంచి మెల్లగా జారిపో."

"జారిపోతే ఏమన్నానో తెలుస్తుందా చెవి గారూ?"

"తెలిసే సంగతి ఆసుపత్రి వాళ్ళు చూసుకుంటారు. వినడానికి హాయిగా ఉండటం మన పని."

ఈ విషయంలో ఆయనకొక సిద్ధాంతం ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతారు. మ, న, ల, వ అనేవి వెన్నముద్దలు. నోట్లో పెడితే కరిగిపోతాయి. ట, డ, ఠ, ఢ గులకరాళ్ళు. ఇక ఖ అనేది గొంతులో అడ్డంపడ్డ ముల్లు. వెన్న ఎక్కువున్న భాష తియ్యగా ఉంటుంది, రాళ్ళు ఎక్కువున్న భాష కటువుగా ఉంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు, అదంతే.

"మరి మా అమ్మమ్మ నన్ను 'బిడ్డా' అని పిలుస్తుంది," అంది అమ్మాయి మైకులోంచే. "అందులో రెండు డలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. అంత తియ్యటి మాట ఇంకొకటి నేను వినలేదు."

"అది అలవాటమ్మా. అలవాటుని చెవి అనుకోకు."

"పోనీ 'విలవిల' తీసుకోండి. మొత్తం మీ వెన్నే కదా."

పక్క గదిలో స్టూడియో యజమాని పకపకా నవ్వాడు. చెవి గారు నవ్వలేదు. హెడ్‌ఫోన్లు సర్దుకుని, "పంక్తి మళ్ళీ చదువు," అన్నారు.

మధ్యాహ్నమంతా ఆయన కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఆ గొంతుని శుభ్రం చేశారు. తెర మీద మాటలు కొండల వరసలా కనిపిస్తాయి. 'ప' దగ్గర వచ్చే గాలి దెబ్బని తగ్గించారు. 'స' దగ్గర ఈల అరగదీశారు. ప్రతి వాక్యానికి ముందు అమ్మాయి తీసుకున్న ఊపిరిని కత్తిరించి, ఆ ఖాళీలో గది నిశ్శబ్దాన్ని అతికించారు. కత్తిరించిన ముక్కలు పారెయ్యరు. ఒకసారి అవసరమైనది పోయి పెద్ద గొడవైంది, అప్పటి నుంచి ముక్కలన్నీ నెలరోజులు 'తుక్కు' అనే చోట దాచాలని యజమాని నియమం పెట్టాడు. ఊపిరులూ దగ్గులూ నాలుక చప్పుళ్ళూ తేదీల వారీగా అందులో పడి ఉంటాయి. వాటిని మళ్ళీ తెరిచి విన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఆయన ఉండేది రెండో అంతస్తులో, రెండు గదుల వాటాలో. ఒక్కడే. కుర్చీ కాళ్ళకి గుడ్డ చుట్టారు. కిటికీ బందులకి నూనె వేశారు. గోడ గడియారం టిక్కుటిక్కులు నెత్తి మీద మొట్టినట్టుంటున్నాయని దాని బ్యాటరీ తీసేశారు. అది ఎప్పుడూ మూడుంపావు చూపిస్తుంటుంది. ఆ ఇంట్లో ఆయన మాట వినని వస్తువు వీధి తలుపొక్కటే. చెమ్మకి ఉబ్బిపోయి చట్రంలో పట్టదు. భుజంతో ఒక్క తోపు తొయ్యాలి. తోస్తే ధన్నుమని గోడలదిరేలా పడుతుంది. ఆ చప్పుడుకి ప్రతిరోజూ ఆయనే సిగ్గుపడతారు.

ఆ సాయంత్రం ఏడింటికి తలుపు ధన్నుమంది. చెవి గారు చెప్పులు విప్పుతూ నిలబడి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. పది కాకముందే గోడవతల మొదలైంది.

పక్క వాటాలో ఇద్దరు ఆడవాళ్ళు దిగి రెండు నెలలైంది. కుట్టుమిషన్ల కార్ఖానాలో పనిచేసే ఒకామె, ఆమె అత్తగారు. ఎక్కడి వాళ్ళో ఎవరికీ తెలియదు, భాష ఎవరికీ రాదు. ముందు కోడలి గొంతు లేస్తుంది. మొదటి మాట ప్రతిరోజూ ఒకటే. నాలుక వెనక్కి మడిచి కొట్టిన ఒక ట, దాని వెంటనే ఒక ఖ, చివర గొంతులో గరుకుగా గీసుకున్న మరొక చప్పుడు. మూడు దెబ్బలు. దాని వెనక ఇక రాళ్ళ వాన. పది నిమిషాలకి తక్కువ కాకుండా కురుస్తుంది.

చెవి గారు చెవుల్లో దూది పెట్టుకుని పళ్ళెం ముందేసుకున్నారు. దూదిలోంచి కూడా ఆ ఖ దూరింది.

ఎవరో తలుపు తట్టారు. కింది అంతస్తులో ఉండే సెక్రటరీ. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ భవనంలో ఎవరికీ అక్కర్లేని అధికారాన్ని నెత్తికెత్తుకున్న మనిషి.

"విన్నారా? కింద నాకే వినబడుతోందంటే మీకెలా ఉంటుందో! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఈ నోళ్ళకి ఏ ఊరు బాగుంటుంది చెప్పండి?"

"రోజూ ఇంతేనండీ," అన్నారు చెవి గారు, ఎప్పటిలాగే మెత్తగా.

"అత్తని సాధించుకు తింటోంది, ఇంకేముంది. ఈ భవనం ఓనరు, పై అంతస్తు ఇంటావిడకి చెప్పాను. ఎవరింట్లో వాళ్ళు మాట్లాడుకుంటే నేనేం చేస్తానంటుంది. రుజువు కావాలట. మీ దగ్గర మిషన్లుంటాయి కదా? ఒక కాగితం రాసి, ఆ మాటలు కాస్త పట్టి ఇవ్వండి. మీరు చెబితే తిరుగేముంది? శబ్దాల సంగతి మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆ చివరి మాట ఆయన్ని తాకాల్సిన చోటే తాకింది. చాలా కాలంగా ఇంటికొచ్చి ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. సెక్రటరీ వెళ్ళాక తెల్లకాగితం తీసి కుదురైన అక్షరాలతో రాశారు. ఒక వాక్యం దగ్గర కాసేపు ఆగి, దాని కింద గీత కూడా గీశారు: "నేను ఇంట్లో అడుగుపెట్టిన మరుక్షణమే, కావాలని, మొదలుపెడుతున్నారు."

మంగళవారం స్టూడియో నుంచి చిన్న రికార్డరు తెచ్చారు. కావాలని మొదలుపెడుతున్నారన్న మాట రుజువు కావాలి కదా. అందుకని దాన్ని ఆన్ చేసి గోడవారగా స్టూలు మీద పెట్టి, తలుపు తొయ్యకుండా దగ్గరగా వేసి మెల్లగా బయటికెళ్ళి, మెట్ల మీద నిలబడి, సరిగ్గా ఏడింటికి మళ్ళీ లోపలికొచ్చారు. ధన్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ట, ఖ, గరుకు చప్పుడు. గోడకి చెవులుంటాయంటారు. ఆ పూట ఆ గోడకి నిజంగానే ఒక చెవి మొలిచింది.

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ తెర ముందు కూర్చున్నారు. పదకొండు నిమిషాలు. ఎవరినీ మోసం చెయ్యాలని ఆయనకి లేదు. ఒట్టు వెయ్యమంటే వేసేవారు. రోజూ చేసే పనే చేశారు. తన తలుపు చప్పుడు తనది, తగాదా వాళ్ళది అని ముందు ఆ ధన్నుని కత్తిరించారు. తర్వాత ముసిలావిడ గొంతులో నీరసంగా ఏదో గొణుగుడు ఉంది, స్పష్టంగా లేదని తీసేశారు. ఫ్రిజ్ మోత తగ్గించారు. మాటకీ మాటకీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలున్నాయి, వినేవాళ్ళకి విసుగని మూసేశారు. ఊపిరులు సరేసరి, చెయ్యి దానంతటదే కోసుకుంటూ పోయింది. చివరికి మూడు నిమిషాలు మిగిలాయి. శుభ్రమైన మూడు నిమిషాలు. రాయి మీద రాయి, సందు లేకుండా.

ఆ సాయంత్రమే పై అంతస్తులో ఇంటావిడ సోఫాలో కూర్చుని వాటిని విన్నది. పక్కన సెక్రటరీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి నిమిషం పూర్తికాకుండానే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మో! ఊపిరి తీసుకోకుండా తిడుతోందే! పెద్దదానికి ఏమన్నా అయితే రేపు నా మెడకి చుట్టుకుంటుంది."

"అందుకే మీ చెవిన వేశాం," అన్నాడు సెక్రటరీ.

"ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమంటాను."

చెవి గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంత త్వరగా తేలుతుందని ఆయన అనుకోలేదు. ఎందుకో గానీ లేచి వచ్చేటప్పుడు మెట్లు చాలా ఉన్నట్టనిపించింది.

గురువారం ఆ కుట్టుపని ఆమె మెట్ల మీద ఎదురైంది. భుజానికి సంచీ, జడలో ఇరుక్కున్న నీలం దారప్పోగు. నలభైకి అటూఇటూ ఉంటుంది. మిషన్ల మోతలో మాట్లాడి మాట్లాడి ఆమెకి గొంతు తగ్గించడం చేతకాదు కాబోలు, మూడు మెట్ల దూరంలో ఉన్న మనిషితో మూడు వీధుల అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"సార్! ఇల్లు ఉందా, మీకు తెలిసిన చోట? ఆదివారం మేము పోవాలి!"

చెవి గారి భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. "ఇల్లా..." అన్నారు.

"ఎవరో కాగితం ఇచ్చారంట. గొడవ అని. మాకు గొడవ ఏంటి సార్? ఎవరితో? ఇద్దరమే ఉన్నాం. నేను, అత్త. మగ మనిషి లేడు అంటే ఎవరూ ఇల్లు ఇవ్వరు. ఇది దొరకడానికి నాలుగు నెలలు తిరిగాను."

"చూస్తానమ్మా," అన్నారాయన. ఆ మాట వెన్నలా జారింది.

ఆమె మొహం తేటపడింది. "మీరు మంచివారు సార్. ఎంత మెల్లగా మాట్లాడతారు మీరు!"

ఆ పొగడ్త చెవి గారికి తేలు కుట్టినట్టయింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా. తల ఊపి దిగిపోయారు.

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. యజమాని దాన్ని అందరూ వినేలా బల్ల మీద పెట్టాడు.

"గొంతు తేనేనండీ, కాదనను," అంటున్నాడు అవతలి గుమాస్తా. "కానీ పిలిస్తే ఒక్కరూ లేవడం లేదు. కుళాయి కారుతున్నట్టు ఆ మాట దాని మానాన అది కారిపోతోంది, జనం వాళ్ళ మానాన వాళ్ళు కూర్చుంటున్నారు. నిన్న ఒక పెద్దాయన వంతు మూడుసార్లు దాటిపోయింది. చివరికి మా ఆయా వరండాలోకొచ్చి ఒక్క కేక పెడితే ఆరుగురు లేచారు. ఆయనతో సహా."

ఎనౌన్సర్ అమ్మాయి చెవి గారి వైపు చూడకుండా కిటికీలోంచి చూసింది. ఆమె మంచిది.

"పిలిచినట్టు లేదంటున్నారు," అన్నాడు యజమాని ఫోను పెట్టేసి. "ఆ ఊపిరులూ అవీ మళ్ళీ పెట్టి చూడండి. మనిషి పిలుస్తున్నట్టుండాలిట."

పాతికేళ్ళ పనిలో కోసింది మళ్ళీ అతికించమని ఎవరూ చెప్పలేదు. చెవి గారు తలుపు వేసుకుని 'తుక్కు' తెరిచారు. సోమవారం నాటి ముక్కలు, ఆసుపత్రివి. వాటి కింద బుధవారం నాటివి. అవి ఆసుపత్రివి కావు. ఎనిమిది నిమిషాలు.

హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. తర్వాత నొక్కారు.

ముందు ధన్నుమని తన తలుపు. ఆ వెంటనే ముసిలావిడ గొంతు, ఆయన స్పష్టంగా లేదని తీసేసిన గొణుగుడు. అది గొణుగుడు కాదు. చివర పైకి లేచింది. ఏ భాషలోనైనా అలా లేచేది ఒక్కటే, ప్రశ్న. అంటే ఆ మూడు దెబ్బల మాట తిట్టు కాదు, జవాబు. ప్రశ్నని కోసేసి జవాబుని మిగిల్చింది ఆయన కత్తెర.

తర్వాత కోడలి ఊపిరి. కోపంలో ఉన్న మనిషి ఊపిరి పొట్టిగా ఉంటుంది, ఆయన వందల గొంతులు కోసి చూసినవారు. ఇది బిందె ఎత్తబోయే మనిషి తీసుకునే ఊపిరి. ప్రతి మాటకీ ముందు అంత ఊపిరీ తీసుకుంది. ఆ తర్వాత పళ్ళెం మీద చెంచా చప్పుడు. "ఆఁ?" అని పెద్దావిడ. మళ్ళీ అంత ఊపిరి. పెద్దావిడ నవ్వు, లోపల్లోపల, పళ్ళు లేని నవ్వు. నవ్వు ముదిరి దగ్గయింది. వీపు మీద అరచేత్తో నిమురుతున్న చప్పుడు, గుటక గుటకగా నీళ్ళు. ఇద్దరూ కలిసి మళ్ళీ నవ్వడం. చివరికి ఎవరో చాలా మెల్లగా, నోరు మూసుకుని, ఒక కూనిరాగం. అది కోడలిదే. ఆమెకి గొంతు తగ్గించడం చేతనవును.

చెవి గారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. పెద్దావిడకి చెవుడు. పగలంతా కార్ఖానాలో జరిగింది కోడలు ఆవిడకి చెబుతోంది, అంతే. ఆ మాట గోడ దాటి తన దగ్గరికొచ్చేసరికి తగాదాగా తనే కుట్టారు.

ఆ రోజు ఆసుపత్రి పని ముట్టుకోలేదు. సాయంత్రం నేరుగా పై అంతస్తుకి ఎక్కారు. ఇంటావిడ టీవీ చూస్తోంది.

"అమ్మా, ఆ రికార్డింగు పూర్తిది తెచ్చాను. పదకొండు నిమిషాలు. ఒక్కసారి వినాలి."

"ఆఁ? కాస్త గట్టిగా చెప్పండి."

"అది... తగాదా కాదమ్మా. నేను కొన్ని తీసేశాను. వాటితో కలిపి వింటే..."

"మూడు నిమిషాలకే నాకు గుండె దడ వచ్చింది. మళ్ళీ పదకొండా? అయినా తీసేసినవి తీసేశారు కదా, మళ్ళీ ఎందుకు తెచ్చారు?"

దానికి ఉన్న ఒక్క జవాబూ 'నాది తప్పు' అని గట్టిగా అనడం. టీవీ మోతని మించి అనాలి. నోరు తెరిచారు కూడా.

"ఆదివారం సాయంత్రానికి వేరేవాళ్ళు దిగుతున్నారండీ," అంది ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "చాలా మెత్తని మనుషులట, గాలి కూడా కదలదట. మాట ఇచ్చేశాను. ఇంక మీరు హాయిగా ఉండండి."

చెవి గారు కిందికి దిగారు. తలుపు ధన్నుమంది. పది లెక్కపెట్టకముందే ఆ మాట వచ్చింది, ఎప్పటిలాగే మూడు దెబ్బలుగా. ఆయన దూది వెతుక్కోలేదు. గోడకేసి చూస్తూ నిలబడి మొత్తం విన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. శనివారమూ అంతే. మధ్యలో రెండుసార్లు వెళ్ళి పక్క తలుపు ముందు నిలబడ్డారు, రెండుసార్లూ చెయ్యి లేవలేదు. చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పేర్చుకున్నారు. అన్నీ మెత్తగా, గుండ్రంగా తయారయ్యాయి. ఏ ఒక్కటీ నిజం చెప్పేలా లేదు.

ఆదివారం పొద్దున వీధిలో చిన్న ట్రక్కు ఆగింది. సామానేం లేదు. రెండు ట్రంకు పెట్టెలు, మడత మంచం, గిన్నెల గంప, తిరగేసిన కుట్టుమిషను. చెవి గారు తలుపు తీసేసరికి పెద్దావిడ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గుప్పెడంత మనిషి. దిగడానికి తన వంతు కోసం ఎదురుచూస్తోంది. ఆయన్ని చూడగానే కోడలి వైపు తిరిగి ఏదో అడిగింది. కోడలు గంప దించి, గుండె నిండా ఊపిరి తీసుకుని, నవ్వుతూ ఆ మూడు దెబ్బల మాట అంది.

చెవి గారు ఒక అడుగు ముందుకేశారు. ఇన్నాళ్ళూ గోడలోంచి విన్నది ఎదురుగా వినడం అదే మొదలు.

"అమ్మా, ఆ మాట... రోజూ ముందు అదే అంటారు మీరు. ఏమిటది?"

ఆమె నాలిక కరుచుకుంది. "అయ్యో, మీకు వినిపించేదా? ఏమీ అనుకోకండి సార్. అత్తకి చెవి లేదు కదా. గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. మీ తలుపు పడితే ఆ వీపుకి తెలుస్తుంది. నన్ను అడుగుతుంది, 'వచ్చాడా, ఆ ఒంటరి పిల్లాడు?' అని. 'వచ్చాడు' అంటాను. అదే ఆ మాట."

"నేనా?"

"మీరే. అత్తకి చిన్నప్పటి నుంచి అలవాటు సార్. ఇంటికి చేరాల్సినవాళ్ళు అందరూ చేరితేనే తింటుంది. ముందు మామగారు, తర్వాత మా ఆయన. ఇక్కడ ఇంక చేరాల్సినవాళ్ళు ఎవరున్నారు? అందుకని మీరు. మీరు వచ్చారంటేనే ముద్ద ఎత్తుతుంది. ఒక రోజు మీకు పని ఎక్కువై తొమ్మిది అయింది చూడండి, తొమ్మిది దాకా పళ్ళెం ముందు అట్లాగే కూర్చుంది."

చెవి గారు తలుపు చట్రం పట్టుకున్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన్ని 'డు' అనేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ మిగల్లేదు. అందరూ గారూ, సారూ, మీరూ. వచ్చాడా అని అడిగే మనిషి గోడవతల రెండు నెలలుగా ఉంది. ఆ అడగడాన్నే ఆయన కాగితం మీద రాసి, కింద గీత గీసి మరీ ఇచ్చారు.

"ఆ కాగితం ఇచ్చింది నేనేనమ్మా," అన్నారు.

మెత్తగానే అన్నారు. కానీ ఆమెకి వినబడింది. గంప మీద ఉన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెద్దావిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఆఁ?" అంది.

కోడలు గంప వదిలేసి నిటారుగా నిలబడింది. మొదటిసారిగా చాలా మెల్లగా అంది: "అత్త అడుగుతోంది. మీరే చెప్పండి."

చెవి గారు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఊపిరి తీసుకున్నారు, బిందె ఎత్తబోయే మనిషిలా.

"నేనే!" అని అరిచారు. గొంతు చీలిపోయి రెండుగా వచ్చింది. "ఆ కాగితం రాసింది నేనే! మీ మాటలు కత్తిరించింది నేనే! తప్పు నాదమ్మా! తప్పు నాది!"

ఆ అరుపు మెట్ల మీదుగా కిందికి దొర్లుకుంటూ పోయింది. కింద తలుపు తెరుచుకుంది. "ఎవరండీ అది, ఆదివారం పొద్దున్నే ఆ గొడవ?" అని సెక్రటరీ కేకేశాడు.

"నేనేనండీ!" అని మళ్ళీ అరిచారు చెవి గారు. "నేనే! వాళ్ళు కాదు! ఏనాడూ వాళ్ళు కాదు!"

పెద్దావిడకి ఆయన భాష రాదు. కానీ గొంతు వినబడినట్టుంది. గోడలోంచి వీపుకి తెలిసిన మనిషి చెవికి తెలియడం అదే మొదటిసారి కావచ్చు. కోడలి చెయ్యి పట్టుకుని గుంజింది, ఏమంటున్నాడని. కోడలు వంగి ఆవిడ చెవిలో గట్టిగా ఏదో చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పిందో, ఇంకేమైనా చెప్పిందో చెవి గారికి ఎప్పటికీ తెలియదు. పెద్దావిడ తల ఊపింది. చెయ్యి చాచి ఆయన చెంప మీద రెండుసార్లు తట్టి, పళ్ళు లేని నోటితో ఆ మూడు దెబ్బల మాటా తనే అంది. వచ్చాడు.

తర్వాత కోడలు ఆవిడ రెక్క పట్టుకుని మెట్లు దింపింది. చెవి గారు గంప అందుకోబోతే వద్దనలేదు, ఇమ్మనలేదు. ఆయనే మోసుకెళ్ళి ట్రక్కులో పెట్టారు. ఎక్కడికని అడిగితే కార్ఖానా వెనక గోదాములో కొన్నాళ్ళు ఉండనిస్తామన్నారని చెప్పింది. ఇంటావిడ దగ్గరికి వెళ్తాను, ఇప్పుడే వెళ్తాను, నేను చెబుతానని ఆయన గట్టిగానే అన్నారు.

"ఇప్పుడు వద్దు సార్," అంది. "అత్త మళ్ళీ అన్ని మెట్లు ఎక్కలేదు."

సోమవారం స్టూడియోలో చెవి గారు ఆసుపత్రి మాటల్లో ఊపిరులన్నీ ఎక్కడివక్కడ అతికించారు. 'రండి' దగ్గర అమ్మాయి చేత మళ్ళీ చదివించారు.

"గట్టిగా, తల్లీ. అవతల ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడనుకో. ఆయన లేవాలి."

అమ్మాయి వింతగా చూసి, గట్టిగా చదివింది. మొదలుపెట్టే ముందు తీసుకోవాల్సిన అర నిమిషం నిశ్శబ్దాన్ని ఆయన ఆ రోజు మర్చిపోయారు.

ఏడింటికి తలుపు ధన్నుమంది. ఆయన చెప్పులు విప్పకుండా నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు. పదిదాకా వెళ్ళింది. ఇరవైదాకా వెళ్ళింది. గోడవతల కొత్తవాళ్ళు దిగారు, కిటికీలో దీపం ఉంది. నిజంగానే గాలి కూడా కదలలేదు.

వంట ముగించి పళ్ళెంలో వడ్డించుకుని, కుర్చీలో కూర్చోబోయి మానేసి, ఆ గోడ దగ్గర నేల మీద కూర్చున్నారు. వీపు ఆనించారు. చల్లగా ఉంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారు గానీ ముద్ద పైకి లేవలేదు. కాసేపయ్యాక నాలుక వెనక్కి మడిచి ట అన్నారు. తర్వాత ఖ. మూడోది గొంతులో గీసుకోలేదు, జారిపోయింది. యాభై ఏళ్ళ వెన్న అలవాటు మరి. మళ్ళీ ఊపిరి నిండా తీసుకుని ఇంకాస్త గట్టిగా అన్నారు. ఈసారి ఖ తప్పింది.

గోడవతల నుంచి ఎవరో వేలి కణుపుతో రెండుసార్లు తట్టారు, చప్పుడు చెయ్యొద్దని.

మూడోసారి గదంతా అదిరేలా అన్నారు. సరిగ్గా వచ్చింది. అప్పుడు ముద్ద ఎత్తారు.